నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు

ప్రశ్న: "సార్, మేం నెల్లూరులో ఉంటాం. మొన్న వాయుగుండం పట్టినప్పుడు ఉదయగిరి వైపు ఒక పల్లెలో మా ఆడబిడ్డ గృహప్రవేశానికి వెళ్లి, సాయంత్రం ఆరు దాటాక తిరుగు ప్రయాణమయ్యాం. దారిలో ఒక చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. అడ్డంగా తాడు లేదు, ఆపే మనిషీ లేడు. మా ముందే ఒక ట్రాక్టర్ దాటిపోయింది. 'అది పోయిందిగా, మనమూ పోదాం' అని మావారు కారు దింపారు. వెనక సీట్లో మా అత్తయ్య, ఇద్దరు పిల్లలు. సగం దూరం పోయేసరికి బండి ఆగిపోయింది. ఆయన టెన్షన్‌లో నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టారు, స్టార్ట్ కాలేదు. అవతలి గట్టు మీదున్న కుర్రాళ్లు వచ్చి పిల్లల్ని ఎత్తుకెళ్లారు, అత్తయ్యను పట్టుకుని దాటించారు. తర్వాత ట్రాక్టర్‌తో కారు లాగారు. మర్నాడు ఊళ్లో మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ ఆరబెట్టి స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం వచ్చింది, పది నిమిషాలకు ఇంజన్ పట్టేసింది. షోరూం వాళ్లు 2,85,000 రూపాయలకు ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో ఇంజనే 2,10,000. డీజిల్ కారు, 1500 సీసీ లోపు, కొని మూడేళ్ల నాలుగు నెలలు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఇంకా రెండేళ్లు ఈఎంఐ కట్టాలి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసి, ఇంజన్‌కు డబ్బు రాదని, మిగతా వాటికే వస్తుందని నోటిమాటగా చెప్పారు. ఏం జరిగిందో సోమవారంలోగా రాసిమ్మన్నారు. 'ఇంటి ముందు నిలబెట్టిన కారులోకి నీళ్లొచ్చాయని రాయండి, మొత్తం వస్తుంది' అంటున్నాడు మా మరిది. మావారు అంతా తన వల్లేనని అన్నం కూడా సరిగా తినడం లేదు. మా చిన్నవాడు వాన పడితే కారెక్కనంటున్నాడు. మేం ఏం చేయాలి?" - ఒక సోదరి, నెల్లూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ కుర్రాళ్ల దగ్గర ఆగిపోయాను. వాళ్లు ఆ గట్టు మీద లేకపోతే ఈ రోజు మనం మాట్లాడుకునేది ఇన్సూరెన్స్ గురించి కాదు. ఎప్పుడైనా ఆ దారిన పగటిపూట వెళ్లినప్పుడు ఆ ఊళ్లో ఆగి, వాళ్లెవరో కనుక్కుని, పిల్లలచేత నమస్కారం చెప్పించండి.

సోమవారం గడువు ఉంది కాబట్టి ముందు ఆ కాగితం సంగతి. మీ మరిది మీ మేలు కోరే చెప్పాడు, కానీ ఆ మాట వినకండి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో మోటారు సర్వేయర్‌గా పనిచేశాను. ఇంటి ముందు నిలబెట్టిన కారు మునిగితే సీట్లు, కార్పెట్లు, వైరింగ్, కంప్యూటర్ పెట్టెలు పోతాయి. ఇంజన్‌లోకి నీళ్లు చేరినా లోపల ఏదీ వంగదు, ఎందుకంటే అప్పుడు ఇంజన్ తిరగడం లేదు. మీ కారు ఇంజన్ విప్పగానే వంగిన రాడ్లు, అరిగిన బేరింగులు కనబడతాయి. అవి చూసిన ఏ సర్వేయరైనా ఇది లోపల నీళ్లుండగా ఇంజన్ తిరిగిన బండి అని ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. పైగా ట్రాక్టర్‌తో లాగినవాళ్లున్నారు, మర్నాడు స్టార్ట్ చేసిన మెకానిక్ ఉన్నాడు. అబద్ధం బయటపడితే ఇంజన్ డబ్బే కాదు, న్యాయంగా రావలసిన మిగతా డబ్బు కూడా పోతుంది. తప్పుడు వివరాలతో పెట్టిన క్లెయిమును మొత్తంగా కొట్టేసే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ కాగితం మీద సంతకం మీ ఆయనది. ఇప్పటికే తప్పు చేశానని కుమిలిపోతున్న మనిషి చేత ఇంకో తప్పు మీద సంతకం పెట్టించకండి.

కాగితంలో ఏం రాయాలి? జరిగింది జరిగిన వరుసలో రాయండి. తేదీ, వేళ, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, చప్టా ఎక్కడ, అడ్డంగా తాడు గానీ ఆపే మనిషి గానీ లేరన్న మాట, మీ ముందే ఒక ట్రాక్టర్ దాటిందన్న మాట, మధ్యలో ఇంజన్ తనంతట తానే ఆగిపోయిందన్న మాట. సెల్ఫ్ కొట్టారన్నదీ, మర్నాడు మెకానిక్ స్టార్ట్ చేశాడన్నదీ దాచొద్దు. అయితే 'మా నిర్లక్ష్యం వల్ల', 'మా తప్పు వల్ల' లాంటి మాటలు రాయక్కర్లేదు. ఏం జరిగిందో చెప్పడం మీ పని, తీర్పు చెప్పడం కాదు. ఇచ్చే ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ అనేదాంట్లో రెండు భాగాలుంటాయి. ఒకటి ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి, అది చట్టం తప్పనిసరి చేసింది. రెండోది మన బండికి జరిగిన నష్టానికి. ఈ రెండో భాగంలో ఏ కారణాల వల్ల నష్టం జరిగితే ఇస్తారో జాబితా ఉంటుంది. అగ్ని, పిడుగు, దొంగతనం, భూకంపం, ప్రమాదంతో పాటు వరద, తుఫాను, గాలివాన, నీట మునగడం కూడా అందులో స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి 'వరదకు ఇన్సూరెన్స్ రాదు' అని మీకెవరైనా చెబితే అది అబద్ధం. ఎదుటివాళ్ల భాగం మాత్రమే కట్టిన బండికే పైసా రాదు. మన ఊళ్లలో పాత కార్లకు చాలామంది అదే కట్టి ఊరుకుంటారు, ప్రతి కార్తీకంలో వాళ్లలో కొందరు నష్టపోతూనే ఉంటారు.

మరి మీ ఇంజన్‌కు ఎందుకు ఇవ్వమంటున్నారు? పాలసీలోనే రెండు మాటలున్నాయి. మొదటిది, నేరుగా జరిగిన నష్టానికే ఇస్తాం గానీ దాని పర్యవసానంగా తర్వాత జరిగినదానికి ఇవ్వం, యంత్రం దానంతటది చెడిపోయినా ఇవ్వం అన్నది. రెండోది చాలామంది కంట పడదు. ప్రమాదం జరిగాక బండికి ఇంకా నష్టం కలగకుండా యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలి, రిపేరు చేయించకుండా నడిపితే ఆపైన జరిగే నష్టం పూర్తిగా యజమానిదే అని షరతుల్లో రాసి ఉంటుంది. కంపెనీ మీ విషయంలో పట్టుకునేది ఈ రెండు మాటల్నే.

దీన్ని ఎదుర్కోవాలంటే ఇంజన్ లోపల ఏం జరిగిందో మీరూ మీవారూ కాస్త తెలుసుకోవాలి. ఇంజన్ గాలి పీల్చి, దాన్ని సిలిండర్లో గట్టిగా నొక్కి, డీజిల్ చిమ్మి పేలుస్తుంది. గాలిని బాగా నొక్కొచ్చు, నీళ్లను నొక్కలేం. గాలి పీల్చే గొట్టం మూతి సాధారణంగా ముందు గ్రిల్లుకో, హెడ్‌లైటుకో వెనకాల ఉంటుంది. నీళ్లలో బండి పోతుంటే ముందర అల లేచి ఆ మూతిని తాకుతుంది. కొద్దిపాటి నీళ్లు సిలిండర్లోకి పోతే చాలు. పైకి వస్తున్న పిస్టన్‌కు నీళ్లు అడ్డంపడి, దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో నొక్కుడు పెట్రోలు ఇంజన్ కంటే ఎక్కువ, కాబట్టి దెబ్బా ఎక్కువే.

ఇది రెండు సందర్భాల్లో జరగవచ్చు. నడుస్తున్న ఇంజన్ నీళ్లు పీల్చి ఆగిన ఆ క్షణంలోనే రాడ్లు వంగవచ్చు. లేదా మెల్లగా తిరుగుతూ ఏ నష్టమూ లేకుండా ఆగిపోయి, ఆ తర్వాత మనం సెల్ఫ్ కొట్టినప్పుడో, ఆరబెట్టామనుకుని స్టార్ట్ చేసినప్పుడో నష్టం జరగవచ్చు. మొదటిది వరద చేసింది, రెండోది మన చేయి చేసింది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2015 నవంబరు వానలకు గూడూరు, మనుబోలు దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి బండ్లు బారులు తీరి ఆగిపోయాయి. ఆ తర్వాత వారాల తరబడి నీళ్లు తాగిన బండ్లు చూడటమే నా పని. ఒక షెడ్డులో ఒకే కంపెనీ, ఒకే మోడలు కార్లు రెండు పక్కపక్కన నిలబెట్టారు. రెండింటి లోపలా నీటి గీత సీటు అంచు దాకా ఉంది. ఒకాయన బండి ఆగగానే తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయాడు. ఆ ఇంజన్‌లో నీళ్లు తోడి, ఆయిలు రెండుసార్లు మార్చి, ఫిల్టర్లు మార్చేసరికి ఎనిమిదో రోజున మామూలుగా నడిచింది. రెండో కారాయన గట్టెక్కాక కుర్రాళ్ల చేత తోయించి మరీ స్టార్ట్ చేయించాడు. ఆ ఇంజన్ విప్పితే ఒక రాడ్ బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చి ఉంది. ఆయన నా ఎదుట కూర్చుని, అప్పటికి నాలుగేళ్ల ఈఎంఐ మిగిలి ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నేను రాసిన రిపోర్టు నాకు ఇప్పటికీ బరువుగానే ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా, అడక్కపోయినా చెబుతుంటాను: నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టొద్దు. తోసి స్టార్ట్ చేయొద్దు. 'ఒక్కసారి చూద్దాం' అనే మెకానిక్ చేతికి తాళం ఇవ్వొద్దు. బ్యాటరీ మైనస్ తీగ తీసేసి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, బండిని ఎత్తుకెళ్లే వాహనం మీద షోరూంకు చేర్చాలి.

మీ విషయంలో అది దాటిపోయింది. కానీ అంతా అయిపోయిందని అనుకోకండి. మర్నాడు స్టార్ట్ అయినప్పుడు మొదటి నిమిషం నుంచే టకటక శబ్దం వచ్చిందని రాశారు. అంటే అప్పటికే ఏదో ఒక రాడ్ వంగి ఉండే అవకాశం గట్టిగా ఉంది. అది నడుస్తున్న ఇంజన్ వాగులో ఆగిన క్షణంలోనే వంగి ఉంటే, నేరుగా వరద వల్ల జరిగిన నష్టమే అని వాదించవచ్చు. పది నిమిషాలు నడిచాక పట్టేసిందంటే, ఆయిల్లో నీళ్లు కలిసి బేరింగులు కాలి ఉంటాయి. అది రెండో నష్టం. మీ పోరాటం ఈ రెండింటినీ విడదీయడం మీద ఉండాలి. 'మొత్తం ఇవ్వండి' అని అడిగితే 'మొత్తం ఇవ్వం' అంటారు. 'వాగులో జరిగినంత వరకు ఇవ్వండి, తర్వాతది మేం భరిస్తాం' అని అడిగితే జవాబు చెప్పడం వాళ్లకూ కష్టం.

దీనికి సాక్ష్యం ఇంజన్ లోపలే ఉంది. ఇంజన్ ఇంకా విప్పకపోతే, సర్వేయర్ ఎదుటే విప్పాలని మెయిల్ పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, గాలి గొట్టంలో బురద ఉందా, ఏ సిలిండర్ రాడ్ ఎంత వంగింది, ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారిందా, బేరింగుల రంగు ఎలా ఉంది, ఇవన్నీ ఫోటోలతో సహా షోరూం వాళ్ల చేత రాయించుకోండి. ఇంకో మాట, ఆ 2,10,000లో కొత్త ఇంజన్ మొత్తం వేశారా, లేక పాడైన భాగాలు మాత్రమేనా అని అడగండి. రాడ్లు, పిస్టన్లు, బేరింగులు మారిస్తే సరిపోయే చోట ఇంజన్ మొత్తం మార్చే ఎస్టిమేట్లు నేను చాలా చూశాను. ఒక మంచి డీజిల్ మెకానిక్‌కు ఆ కాగితం చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి.

డబ్బు లెక్క కూడా ముందే తెలుసుకుంటే తర్వాత గుండె జారదు. మీ బండి వయసు మూడు దాటి నాలుగేళ్ల లోపు కాబట్టి, మార్చిన లోహపు భాగాల ధరలో 25 శాతం అరుగుదల కింద కోసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ లాంటి వాటికి బండి వయసుతో పని లేకుండా 50 శాతం కోత. అద్దాలకు కోత లేదు, కూలికి కోత లేదు. ఇవి కాక, 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములో 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. ఇంజన్ కాక మీ ఎస్టిమేట్‌లో 75,000 మిగిలింది. అందులో లోహపు భాగాలు 30,000, ప్లాస్టిక్, రబ్బరు 20,000, కూలీ, శుభ్రం చేయడం 25,000 అనుకుంటే, మీకు వచ్చేది 22,500 ప్లస్ 10,000 ప్లస్ 25,000, అందులోంచి 1,000 తీస్తే 56,500. ఇంజన్‌ను కూడా పూర్తిగా ఒప్పుకుంటే, అందులో భాగాలు 1,80,000, కూలీ 30,000 అనుకున్నప్పుడు ఇంకో 1,65,000 వస్తుంది. అంటే మీరు పోరాడేది ఆ 1,65,000లో ఎంత రాబట్టగలం అన్నదాని కోసం. జీరో డిప్ అనే యాడాన్ (అదనంగా కట్టి తీసుకునే రక్షణ) తీసుకుని ఉంటే ఈ కోతలు చాలావరకు ఉండవు. ఆయిళ్లు, కూలెంట్, నట్లు, బోల్టుల ఖర్చుకు వేరే యాడాన్ ఉంటే తప్ప ఇవ్వరు.

నోటిమాటను పట్టించుకోకండి. ఇంజన్‌కు ఇవ్వాలో లేదో చెప్పాల్సింది సర్వేయర్ కాదు, కంపెనీ. ఏ షరతు కింద ఇవ్వడం లేదో రాతపూర్వకంగా చెప్పమనండి. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, అది మీకు ఇవ్వాల్సిందే. ఆ రెండూ చేతికొచ్చాక కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రెండు దారులున్నాయి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కు ఫోన్ కూడా చేయొచ్చు. అంతకంటే బలమైనది, బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి అయిన ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్. మన రాష్ట్రం హైదరాబాద్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఆయన ఇచ్చిన తీర్పును కంపెనీ పాటించాల్సిందే. మీకు నచ్చకపోతే మాత్రం మీరు నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఈ వరుస తిప్పొద్దు. కమిషన్‌లో కేసు వేసేస్తే ఆంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. నీళ్లు తాగిన ఇంజన్ల విషయంలో కమిషన్లు కొన్ని కేసుల్లో కంపెనీ వైపు, కొన్నింట్లో బండివాళ్ల వైపు తీర్పులిచ్చాయి. గెలిచినవాళ్ల దగ్గర ఎక్కువగా ఉన్నది కాగితాలే.

ఈఎంఐ ఆపొద్దు. బండి షెడ్డులో ఉన్నా బ్యాంకు ఊరుకోదు, అప్పులు సరిగా కడుతున్నారా లేదా చూపే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఈ క్లెయిముతో వచ్చే రెన్యువల్లో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము పెట్టని ఏళ్లకు ఇచ్చే రాయితీ, సున్నా అవుతుంది. మీకు రావలసిన మొత్తం దానికంటే చాలా ఎక్కువ కాబట్టి దిగులు వద్దు. నాలుగైదు వేల చిల్లర రిపేరైతే మాత్రం క్లెయిము పెట్టకపోవడమే లాభం. రెన్యువల్ చేసేటప్పుడు ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడాన్ అడగండి. నీళ్లు తాగిన ఇంజన్ కోసమే అది. బండి పాతబడితే ఇవ్వరు, కాబట్టి ఇప్పుడే తీసుకోవాలి. అది ఉన్నా నీళ్లలో ఆగాక స్టార్ట్ చేయకూడదన్న నియమం మారదు, షరతులు తెలుగులో చదివించుకుని మరీ కట్టండి. వానాకాలం మనకు మిగతా రాష్ట్రంలా జూన్, జూలై కాదు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడుతుంది. పాలసీ సెప్టెంబరు లోపే చూసుకోవాలి.

ఇక చప్టా సంగతి. డబ్బు కంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ట్రాక్టర్ దాటింది కదా అని దిగారు. ట్రాక్టర్ వెనక చక్రాలు చాలా ఎత్తుగా ఉంటాయి. చాలావాటికి గాలి పీల్చే గొట్టం, పొగ గొట్టం బానెట్ పైన ఉంటాయి. అడుగంతా తెరిచి ఉండటంతో నీళ్లు కింద నుంచి పోతాయి. కారు మూసిన పెట్టె. నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు. అడుగు రేకు దాటి నీళ్లు పది సెంటీమీటర్లు పెరిగితే, ఆ పెట్టెను ఆరేడు వందల కిలోల బలంతో పైకి లేపుతాయి. కారు బరువే పదకొండు, పన్నెండు వందల కిలోలు. నేల నుంచి రేకు ఎత్తు పదిహేడు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక అడుగు లోతు కాస్త దాటిన నీళ్లకే చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. ఆపైన పారే నీళ్లు పక్క నుంచి తోస్తాయి. నీటి వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. అర అడుగు పారే నీళ్లు మనిషిని పడేస్తాయి, చిన్న కారుకు స్టీరింగ్ పట్టు తప్పిస్తాయి. అడుగు నీళ్లు చాలా కార్లను తేలుస్తాయి, రెండడుగులైతే పెద్ద జీపుల్నీ తీసుకుపోతాయి. బురద నీళ్లలో, చీకట్లో అర అడుగుకూ అడుగున్నరకూ తేడా మీ ఆయనకు కాదు, ఎవరికీ తెలియదు.

ఉదయగిరి వైపు వాగులకు ఇంకో గుణం ఉంది. మీరున్న చోట వాన వెలిసి ఉండొచ్చు, వెలిగొండల మీద కురిసింది గంట తర్వాత వాగులోకి వస్తుంది. లేదా పై ఊరి చెరువు నిండి కలుజు (అలుగు) పారడం మొదలవుతుంది, కట్టకు గండి పడుతుంది. అప్పుడు నీళ్లు మెల్లగా పెరగవు, ఒక్కసారిగా వస్తాయి. పైకి చప్టా కనిపిస్తున్నా కింద సిమెంటు కొట్టుకుపోయి ఉండొచ్చు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు దామరమడుగు దగ్గర జాతీయ రహదారే కోతకు గురైంది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అంత గట్టి కట్టడాలే ఆగలేనప్పుడు పంచాయతీ చప్టా మీద నమ్మకం ఎలా పెట్టుకుంటాం? ఊళ్లోనూ అంతే. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జిల్లో మొదట చక్రం తడిసేంత నీళ్లే కనిపిస్తాయి, లోతంతా మధ్యలో ఉంటుంది.

కాబట్టి ఇకపై మీ ఇంట్లో ఒక మాట అనుకోండి. పారే నీళ్లయితే దిగేది లేదు. కదలని నీళ్లు, రోడ్డు అంచులు కనిపిస్తూ, చక్రంలో సగం కంటే తక్కువ అని ఎదురుగా వచ్చే కార్లను చూసి తేలితే, అప్పుడు మొదటి గేరులో, ఏసీ ఆపి, యాక్సిలరేటర్ వదలకుండా, ముందు బండికి దూరంగా నెమ్మదిగా పోవచ్చు. దాటాక రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరనివ్వాలి. అనుమానం వస్తే వెనక్కి తిరిగి దగ్గర ఊళ్లో ఆగండి. మీ ఆడబిడ్డ ఇల్లు అక్కడే ఉంది కదా, ఒక రాత్రి పడుకుని రావడం ఎవరికీ నామోషీ కాదు.

ఎప్పుడైనా మళ్లీ ఇరుక్కుంటే మొదటి పని సెల్ఫ్ కాదు, అద్దాలు దించడం. కరెంటు పోతే ఆ అద్దాలు దిగవు, నీటి ఒత్తిడికి తలుపులు తెరుచుకోవు. బెల్టులు తీసి, ముందుగా పిల్లల్ని కిటికీలోంచి పైకి పంపాలి. అద్దం దిగకపోతే సీటు పైన తల ఆనించే దిండు లాగి, దాని ఇనుప కడ్డీతో పక్క అద్దం మూలలో కొట్టి చూడాలి. ముందు అద్దం జోలికి పోవద్దు, అది తేలిగ్గా పగలదు. 112కు ఫోన్ చేయాలి. హైవే మీదైతే 1033.

మీవారితో ఒక మాట. ఆయన తాళం తిప్పింది కారు మీద ఆశతో కాదు, వెనక సీట్లో ఉన్న మీ అందరినీ అక్కణ్ణుంచి బయటపడేయాలని. ఇంజన్ గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. డ్రైవింగ్ స్కూల్లో చెప్పరు, బండి అమ్మిన షోరూంలో చెప్పరు. ఆ మాట ఆయనకు మీ నోట చెప్పండి. ఆ సోమవారం కాగితం ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి, ఆయనకూ చేయడానికి ఒక పని దొరుకుతుంది.

చిన్నవాణ్ణి బలవంతపెట్టకండి. వాడు చూసింది చిన్న విషయం కాదు. 'నువ్వు భయపడ్డది నిజమే, మేమే తప్పు దారిలో దిగాం' అని పెద్దవాళ్లు ఒప్పుకుంటే వాడికి ధైర్యం వస్తుంది. పొడి రోజుల్లో చిన్న చిన్న ప్రయాణాలతో మొదలుపెట్టండి. రోడ్డు మీద నీళ్లు కనిపిస్తే ఆపమనే అధికారం వాడికిచ్చి, వాడు ఆపమంటే నిజంగా ఆపండి.

ఇంజన్ విప్పిన ఫోటోలు, కంపెనీ ఇచ్చే రాతపూర్వక జవాబు అందాక మళ్లీ రాయండి. ఆ జవాబులో వాళ్లు ఏ షరతు పేరు చెప్పారో చూసి, ఆంబుడ్స్‌మన్‌కు ఎలా రాయాలో వరుసగా చెబుతాను.